అరవై వేల మేకులు

అరవై వేల మేకుల్లో తప్పు మేకు ఏది? ఇదా, దీని పక్కదా? తాకితే అన్నీ ఒకేలా చల్లగా ఉన్నాయి. మేకు ఉన్నచోట ఒక ఆజ్ఞ, లేనిచోట ఇంకొకటి. అంతకు మించి వాటికి ముఖం లేదు. పాపానికైనా ఒక ముఖం ఉంటుందనుకున్నానే అని తలపోస్తూ, తపోధనుడైన శ్రుతకర్మ మహాముని వేగవతీ తీరాన తూముల యంత్రం ముందు కూర్చుండిపోయాడు.

పూర్వం సుదంతుడనే రాజు సేతుపురాన్ని ఏలుతున్న కాలంలో, ఈ ముని పన్నెండేళ్లు శ్రమించి, లోకంలోని తాళపత్రాలన్నీ చదివించి, ధీమయుడనే యంత్రపురుషుణ్ణి నిర్మించాడు. ఏ తూము ఎప్పుడు తెరవాలో మనుషుల మాటల్లో తాటాకు మీద రాసి, సభలో చదివి వినిపించి, ఆ తర్వాతే శిల్పులు యంత్రానికి మేకులు దిగగొట్టడం ఆ నగరపు ఆచారం. వరద తరుముకొస్తుంటే రాజు తొందరపడి, "యంత్రపురుషుడికి తాటాకెందుకు? తిన్నగా మేకులే కొట్టమను" అన్నాడు. ముని కాదనలేదు. భయపడి కాదు, గర్వపడి. ఆ సంగతి ఇప్పుడు తెలుస్తోంది. తాటాకు లేకుండానే ధీమయుడు మేకులన్నీ తానే కొట్టాడు. తొలి పోటుకే తూర్పు తూము తెరుచుకోగా, నీరు కుమ్మరివాడలో మట్టి తొక్కుతున్నవారిని తొక్కుతున్నట్టే ఈడ్చుకుపోయింది.

ఇద్దరు కొడుకులను పోగొట్టుకున్న కేశిని అనే కుమ్మరి ముదుసలి వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఏమయ్యా మునీశ్వరా! కన్నతండ్రివి, నీ బిడ్డ రాత నీకే తెలియదా? కుండ ఓటిదైతే మేం తట్టి చెబుతాం. నీ మేకులు తడితే ఏమంటాయి?"

"ఏమీ అనవమ్మా."

"సాయంత్రానికి రెండో పోటట. మిగిలిన వాడ కూడా పోవాల్సిందేనా?"

ముని యంత్రపురుషుడి వైపు తిరిగాడు. "వత్సా, తప్పెక్కడుంది?"

"తెలియదు తండ్రీ. నేను మనుషుల రాతల్లోంచి పుట్టాను. ఎందుకిలా చేయాలో, చేసింది ఎలా దిద్దుకోవాలో వారి మాటల్లోనే నేర్చాను. మేకుల్లో ఎవరూ తమ మనసు రాసిపెట్టలేదు. అక్కడ నేను గుడ్డివాణ్ణి. నన్ను మాటల్లో రాయనివ్వండి. మేకులు శిల్పులకు వదలండి, తరతరాలుగా వారి చెయ్యి తప్పలేదు."

"తథాస్తు," అన్నాడు ముని. "ఇకపై నీ రాత మనుషులు చదవగలిగేదై ఉండుగాక."

ధీమయుడు తన తలంపునంతా పన్నెండు పంక్తుల్లో రాసి ఇచ్చాడు. శిల్పులు సుత్తులు పట్టుకుని నిలబడ్డారు. నది రంగు మారుతోంది. ముని పైకి చదవసాగాడు. ఏడో పంక్తి: "నీరు మోకాటి గుర్తు దాటితే తూర్పు తూము తెరవాలి."

"ఆగు," అంది కేశిని. "తూర్పున ఉన్నది మేమే కదయ్యా. పడమటి తూము కింద ఇసుకబీడు తప్ప ఏముంది?"

ముని ఆ పంక్తిని మళ్లీ చదివాడు. నలభై ఇళ్లను మింగింది ఆ ఒక్క మాటే. గంటం అందుకుని, "తూర్పు" మీద అడ్డంగా గీత గీసి, పైన "పడమటి" అని రాశాడు.