కొత్తవాళ్ళు లేచి నిలబడండి

అనగనగా ఒక ఊళ్ళో ఒక చర్చి ఉండేది, అమ్మడూ. ఆ చర్చికి కొత్తగా వచ్చినవాళ్ళు ఒక్కరంటే ఒక్కరు రెండోసారి వచ్చేవాళ్ళు కాదు. ఎందుకనుకున్నావు? మర్యాదలు ఎక్కువై.

అక్కడ జెకర్యా గారని సంఘపెద్ద ఉండేవారు. మంచివారే, కానీ చేతికి మైకు దొరికితే ఇక ఆపలేం. పాట అవగానే, "కొత్తవాళ్ళు లేచి నిలబడండి! పేరు, ఊరు, ఎవరి తాలూకో చెప్పండి!" అనేవారు.

ముందు ఒక బ్యాంకు గుమస్తా వచ్చాడు. అతన్ని నిలబెట్టి, పెళ్ళెందుకు కాలేదని అడిగారు. మళ్ళీ రాలేదు. "దండ వెయ్యలేదుగా, చిన్నబుచ్చుకున్నాడు" అన్నారు జెకర్యా గారు.

ఆ తర్వాత కొత్త దంపతులు వచ్చారు. దండలు వేసి, ముందుకు పిలిచి, పాట పాడమన్నారు. వాళ్ళూ రాలేదు. "చప్పట్లు చాల్లేదు" అన్నారాయన. ఏం చెప్పమంటావు ఆయనతో!

ఆ చర్చిలో చాపలు పరిచే ఆవిడ పేరు తబితమ్మ. ఆవిడ పక్కింట్లోకి వరహాలు అద్దెకు దిగింది. జీడిపప్పు ఫ్యాక్టరీలో పని. ఆ వానాకాలమే భర్త పోయాడు. ఊళ్ళో తబితమ్మతో తప్ప ఎవరితోనూ మాట్లాడేది కాదు. చర్చికి రమ్మని తబితమ్మ నెలరోజులు బతిమాలితే, "వస్తాను గానీ అక్కా, వెనక కూర్చుని పాటలు విని వచ్చేస్తా. నన్నెవరూ ఏమీ అడక్కూడదు" అంది.

"నాదీ పూచీ" అంది తబితమ్మ. శనివారమే వెళ్ళి జెకర్యా గారికి చెప్పింది కూడా. "అలాగేనమ్మా" అన్నారు.

ఆదివారం ఏం చేశారో తెలుసా? "మన తబితమ్మ పక్కింటావిడ వచ్చారు. పాపం సిగ్గుపడుతున్నారు, చప్పట్లతో ధైర్యం చెబుదాం!" అన్నారు. వరహాలు లేచింది. అప్పుడు, "మీవారు రాలేదామ్మా?" అని అడిగారు. మైకులో!

వరహాలు చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళిపోయింది. తబితమ్మ ఆ చెప్పులు పట్టుకుని వెనకాలే పరిగెత్తింది. తలుపు తెరుచుకోలేదు. "మాటిచ్చావు కదక్కా" అని లోపల్నుంచి వినపడింది. అంతే.

తబితమ్మకి ఒళ్ళు మండిపోయింది. నేరుగా జెకర్యా గారింటికి వెళ్ళింది. "మీ ఇంటికి చుట్టం వస్తే గుమ్మంలో నిలబెట్టి చప్పట్లు కొడతారా?"

"ఇరవయ్యేళ్ళ ఆనవాయితీ అమ్మా, ఎలా మానేస్తాం?"

సరే, మానకండి అనుకుంది.

మళ్ళీ ఆదివారం "కొత్తవాళ్ళు లేవండి" అనగానే తబితమ్మ లేచింది. "నువ్వు కొత్తేంటమ్మా?" అన్నారాయన. "పేరు తబితమ్మ. ఊరు ఇదే. మీరు కూర్చున్న చాప పరిచింది నేనే. ఏం, కొట్టరేం చప్పట్లు?" అంది. జనం ఒకటే నవ్వు. ఆ పైవారం ఆడవాళ్ళ వైపు సగం మంది లేచారు. ఆ పైవారం పాస్టరమ్మ గారితో సహా అందరూ లేచారు. అందరూ లేస్తే కొత్తవాళ్ళెవరో ఎలా తెలుస్తుంది? జెకర్యా గారు మైకు బల్లమీద పెట్టేసి, "కూర్చోండి తల్లీ, ఇంక పిలవను" అన్నారు.

ఆ సంగతి ఊరంతా తెలిసింది, పక్కింట్లో ఉంటూ కూడా తబితమ్మతో మాట మానేసిన వరహాలుకీ తెలిసింది. ఆ తర్వాత మూడు నెలలకి, ఒక ఆదివారం పాట మధ్యలో, వరహాలు వచ్చి వెనక నిలబడింది. ఒక్క తల కూడా తిరగలేదు. తబితమ్మ చాపమీద కాస్త పక్కకి జరిగింది. వరహాలు కూర్చుంది.

తబితమ్మ నోట్లో వంద ప్రశ్నలు. కోపం పోయిందా, ఏమైనా తిన్నావా, ఇన్నాళ్ళూ ఎలా ఉన్నావు అని. కానీ వరహాలు తనంతట తాను నోరు విప్పేదాకా ఒక్కటీ అడగకూడదని అప్పుడే అనుకుంది. ఎన్ని వారాలు పట్టిందంటావు? పదకొండు. పదకొండు వారాలూ జరిగి చోటిచ్చింది, పెదవి మాత్రం మెదపలేదు.

కథేమో కంచికి, నువ్వేమో మంచానికి,
మాటేమో మూతకి, కన్నేమో నిద్దరకి!