చెంగయ్య నున్నటి పచ్చిక

ఇప్పచెట్ల అడవిలో ఏనుగులు, కుందేళ్లు, ఏదుపందులు, నెమళ్లు కలిసిమెలిసి ఉండేవి. ఎవరి ఇంటి ముందు పచ్చిక వారే పెంచుకోవాలి. అదీ అక్కడి పద్ధతి.

ఒకరోజు నెమలి అడవంతా తిరిగి చాటింపు వేసింది. "వినండహో! ఏనుగమ్మ పాపకు వచ్చే పౌర్ణమినాడు పేరు పెడతారు! ఎవరి పచ్చిక బాగుంటే వారి వాకిట్లోనే వేడుక! ఆ ఇంటివారే పాపకు పేరు పెట్టాలి!"

ఆ మాట వినగానే చెంగయ్య అనే కుందేలుకు కాలు నేలమీద నిలవలేదు. అప్పుడే పేరు కూడా ఖాయం చేసేశాడు. "చెంగమ్మ! అచ్చం నా పేరే! ఇంకేం కావాలి!"

కుందేలు పళ్లంటే మాటలా! మట్టి కనిపించేదాకా పచ్చికను కొరికేశాడు. రాలిన ఆకు ఒక్కటి లేకుండా ఊడ్చి పారేశాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో నాలుగు చుక్కలు నీళ్లు చిలకరించి, "ఆహా, ఎంత నున్నగా ఉందో!" అని మురిసిపోయాడు.

పక్కింటి ఏదుపంది సూరమ్మ గడ్డిని బెత్తెడు ఎత్తున ఉంచి, కొసలు మాత్రమే తుంచేది. ఎండుటాకులు మొక్కల మొదళ్ల చుట్టూ పరిచేది. పొద్దున్నే లేచి పచ్చికమీద అటూ ఇటూ దొర్లేది! ఒంటి ముళ్లు దిగి నేలనిండా సన్నటి చిల్లులు పడేవి. అప్పుడు, ఎండెక్కకముందే నిండుగా నీళ్లు పోసేది.

చెంగయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఏంటత్తా, ఈ వయసులో ఈ దొర్లుడేంటి?"

"చిల్లుల్లోంచి నీళ్లు వేళ్లదాకా దిగుతాయిరా. నువ్వు మరీ బోడిగుండు చేస్తున్నావు. నేల మాడిపోతుంది, చెంగయ్యా!"

"సలహాలు నీ దగ్గరే ఉంచుకో అత్తా. పాప పేరు చెంగమ్మే!"

ఎండలు ముదిరాయి. చెంగయ్య చిలకరించిన నీళ్లు చూస్తుండగానే ఆవిరయ్యేవి. గడ్డి పసుపు రంగుకు తిరిగింది. భయపడి, ఆ పసుపు కొసలను కూడా కొరికేశాడు పిచ్చి చెంగయ్య.

పౌర్ణమి రానే వచ్చింది! మధ్యాహ్నానికల్లా అడవి అంతా గుమిగూడింది. ఏనుగమ్మ ముందుగా చెంగయ్య వాకిట్లోకే వచ్చింది. పాప బుడిబుడి అడుగులతో వెళ్లి కూర్చుంది. కూర్చున్నదల్లా చటుక్కున లేచింది!

"అమ్మా! ఒళ్లు కాలిందీ!"

తొండంతో వెనక తడుముకుంటూ పాప సూరమ్మ వాకిట్లోకి పరుగెత్తింది. అక్కడి చల్లటి పచ్చికలో పడి ఒకటే దొర్లడం! జంతువులన్నీ సంబరంగా కేకలు పెట్టాయి.

"వేడుక ఇక్కడే! పేరు చెప్పు సూరమ్మా!" అంది ఏనుగమ్మ.

సూరమ్మ పాప చెవిలో నెమ్మదిగా, "పచ్చమ్మ" అంది.

చెంగయ్యకు ఏడుపొచ్చింది. పేరు పెట్టే భాగ్యం పోయింది, తినడానికి ఒక్క గడ్డిపోచ కూడా మిగల్లేదు. కాసేపటికి తల వంచుకుని కంచె దగ్గరికి వచ్చాడు.

"అత్తా, రేపు పొద్దున్న నా వాకిట్లో కూడా కాస్త దొర్లుతావా?"

"దొర్లుతాలేరా. బెత్తెడు పెరిగేదాకా నువ్వు మాత్రం గడ్డిమీద పళ్లు పెట్టకు! అందాకా రా, మా పచ్చిక తిను" అంది సూరమ్మ.

నీతి: పైపై నునుపు చూసుకున్నవాడి పచ్చిక మాడిపోతుంది, వేళ్లను చూసుకున్నవాడి పచ్చిక పదిమందికి చల్లదనం ఇస్తుంది.