ప్యానెళ్లకు వేసిన దండలు

మాధవయ్య స్వామిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. కదిరి దగ్గర కొండ మీదున్న ఆ ఆశ్రమంలో ఈ సంగతి తెలిసినవాళ్లు ఆచితూచి నోరు విప్పుతారు. శిష్యుడు ఓబులేసు మాత్రం ఆ రోజు ఉగ్గబట్టుకోలేకపోయాడు.

"స్వామీ, మీరిచ్చిన మంత్రం నాకు సరిపడలేదేమో. ఎంత జపించినా లోపల ఏమీ కదలడంల్యా. ఇంకోటి ఇయ్యండి."

స్వామి అతని మెడలో పేరుకున్న మాలల్నీ, ఒళ్లంతా పూసుకున్న విభూతినీ ఒకసారి చూశారు. "నిమ్మమొక్కలకు నీళ్లు పారుతాండాయా?" అన్నారు.

ఓబులేసు మొహం వాడిపోయింది. పుండు మీద కారం చల్లినట్టయింది పాపం. బోరు మోటారుకు సోలార్ ప్యానెళ్లు తెప్పించింది అతనే. పంపుషెడ్డు కప్పు చిన్నది, కాబట్టి తక్కువ చోటులో ఎక్కువ కరెంటిచ్చే నల్లటి మోనో రకమే కావాలన్నాడు. చవకగా వచ్చే నీలం రంగు పాలీ రకం చాలదా అన్నవాళ్లతో వాదించి మరీ గెలిచాడు. దసరా దాకా నీళ్లు దూకాయి. ఆ తర్వాత సన్నటి ధార. భక్తులు నాటిన మొక్కలు కళ్లముందే మాడిపోతుంటే అతనికి ముద్ద దిగడం లేదు.

"రకం తప్పు తెచ్చినా స్వామీ. వేరేవి తెప్పిద్దాం. ఎండ చూస్తే ఇంత మాడుస్తాంది, అయినా..."

"వాటికి కావాల్సింది వేడి కాదురా, వెలుగు. పోయి తుడిచిరాపో."

ఓబులేసు గుడ్డ తీసుకుని కప్పెక్కాడు. ఆయుధపూజనాడు ప్రతి ప్యానెల్‌కూ పసుపు కుంకాలు పెట్టి బంతిపూల దండ వేశాడు. నీళ్లిచ్చే తల్లిని ఒక్కరోజు కొలిచి వదిలేస్తామా అని అప్పటినుంచీ రోజూ కొత్త దండ వేస్తున్నాడు. తుడవాలంటే దండలు తీయాలి కదా, తీశాడు. బొట్లు కడిగాడు. కింద మోటారు గొంతు మారింది. గొట్టంలోంచి నీళ్లు ఎగిరి దూకాయి.

అతను నమ్మలేక ఒక దండ మళ్లీ వేసి చూశాడు. ధార సన్నబడింది. తీశాడు, పుంజుకుంది. ఆ పలకల్లో గళ్లన్నీ ఒకదాని చేయి ఒకటి పట్టుకున్నట్టు వరసగా ఉంటాయి; ఒకటి నీడలో కూలబడితే పక్కవాటినీ వెనక్కి లాగుతుంది. అమ్మయ్య, తను తెచ్చిన రకం తప్పు కాదు! ఓబులేసు ఆ కప్పు మీదే చతికిలబడి, కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. కాలవ నీళ్లు చివరి మొక్కను తడిపేదాకా అక్కడినుంచి కదల్లేదు.

చేతినిండా దండలతో పరుగున వచ్చాడు. "స్వామీ, ప్యానెళ్లు బంగారం! మార్చే పనే ల్యా. నేనే కప్పెట్టినా."

"సంతోషం" అన్నారు స్వామి, అతని మెడవైపు చూస్తూ. "మరి మంత్రానికెన్ని దండలేసినావు నాయనా?"