మూరెడు గుంట

పైడయ్య గురువుకి ఒక అలవాటుంది. శిష్యుడు ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పడు, ముందు ఒక పని చెబుతాడు. ఆ పని పూర్తయ్యేసరికి చాలామంది ప్రశ్నే మరిచిపోతారు. మరవని కొద్దిమందే ఆయన సాము నేర్పే గరిడీలో మిగిలారు.

జ్యేష్ఠ మాసంలో ఒకనాడు జోగినాయుడు ప్రశ్న అడిగాడు. నలభై ఏళ్ళవాడు, కర్రసాములో ఆ చుట్టుపక్కల పేరున్నవాడు. పొద్దున్నే గరిడీకి వచ్చి చూస్తే మట్టి మీద డెబ్బై ఆరేళ్ళ నేతగాడు కోటిలింగం నిలబడి ఉన్నాడు. నాయుడికి ఒళ్ళు మండింది.

"ముసలోళ్ళకి గరిడీ ఏటి గురువుగోరూ? వయసు తినేసిన కండ మల్లీ వస్తాదా? పెద్దోళ్ళని కూకోబెట్టి సూసుకోవాల గానీ. మా అమ్మని సూడండి, మంచం మీంచి నానే లేపుతాను. సెంబుడు నీళ్ళు కూడా ఎత్తనివ్వను."

ఆ చివరి మాట అనేటప్పుడు అతని ఛాతీ రెండంగుళాలు పెరిగింది. గురువు అంతా విని, "దసరాకి సెబుతాను. అందాకా ఈ పెద్దాయన్ని నువ్వే సూసుకో," అన్నాడు.

కోటిలింగం కష్టం చెప్పుకుంటే నవ్వొచ్చేది. ఆయనది గుంట మగ్గం. నేలలో మూరెడు లోతు గుంట తవ్వి, అందులో కాళ్ళు పెట్టుకుని, గట్టు మీద కూర్చుని నేస్తారు. యాభై ఏళ్ళపాటు ఆ గుంటలో దిగాడు, ఎక్కాడు. రెండేళ్ళ కిందట మోకాళ్ళు వణకడం మొదలవగానే వాసానికి తాడు కట్టి, దాన్ని పట్టుకుని పైకి రావడం అలవాటు చేసుకున్నాడు. ఆ ఊళ్ళో ముసలి నేతగాళ్ళంతా చేసే పనే అది. తాడు లాగుతున్నకొద్దీ కాళ్ళు పని మానేశాయి. మొన్న తాడు తెగింది. ఇంట్లో ఎవరూ లేరు. మధ్యాహ్నం నుంచి దీపాలవేళ దాకా ఆ మూరెడు లోతులోనే ఉండిపోయాడు. కొడుకు ఈశ్వర్రావు వచ్చి ఎత్తి బయటికి తీసి, దసరా పూజ కాగానే గుంట పూడ్చేస్తానని ఆ కంగారులోనే తేల్చేశాడు. కొడుకుది తప్పని నేననను. భయపడ్డవాడు అలాగే మాట్లాడతాడు. కానీ మగ్గం పోయాక కోటిలింగానికి మిగిలేదేమిటో ఎవరూ అడగలేదు. గుంటలోంచి తనంతట తాను లేచి రావాలని ఆయనే గరిడీకి వచ్చాడు.

గురువు ఇటికలు తెప్పించి ఒక వరస పేర్పించాడు. చేతులు కట్టుకుని దాని మీదికి ఎక్కాలి, దిగాలి. రోజు విడిచి రోజు. ఇంటి దగ్గర ఉడికించిన ఉలవలు, గుడ్డు తినాలి. పైకి వెళ్ళే దారి గురువు ఒక్క మాటలో చెప్పాడు.

"తేలికయిందా? అయితే ఇంకో వరస ఎట్టు."

రెండో వరస మీద ముసలాయన తూలాడు. నాయుడు జాలిపడి చంకల కింద చేతులు వేసి పైకి లేపేశాడు. గురువు కర్ర నేలకేసి కొట్టాడు.

"ఇప్పుడెక్కింది నువ్వు. నీ కండ పెంచడానికేటి ఆయనొచ్చింది? పడబోతే పట్టుకో. ఎక్కుతుంటే ముట్టుకోకు."

నాయుడు చేతులు వెనక్కి తీసుకున్నాడు. ఎత్తడం అతనికి వచ్చు, ఊరికే పక్కన నిలబడటం రాదు. అది నేర్చుకోడానికి అతనికే నెల పట్టింది.

నాలుగో వరస దగ్గర శ్రావణమంతా గడిచిపోయింది. తొడలు కదలనన్నాయి. "ఒక తాడు కట్టించు గురువా, నీకు పున్నెముంటాది," అని కోటిలింగం బతిమాలాడు. గురువు ఆయన మగ్గం దగ్గర తెగిన తాడునే తెప్పించి, దానికి ఇసక మూట కట్టి ముందు పెట్టాడు. "ఇదిగో తాడు. లాగడం కాదు, కూకుని లెగుస్తూ ఎత్తాల." ముసలాయన తిట్టుకుంటూ ఎత్తాడు. ఇంటికెళ్ళి కూడా తిట్టాడట. మర్నాడు కాక ఆ మర్నాడు మళ్ళీ వచ్చాడు. భాద్రపదం వెళ్ళేసరికి ఇటికలు ఆరు వరసలయ్యాయి. నాయుడు చెయ్యి పెట్టి కొలిస్తే సరిగ్గా మూరెడు.

విజయదశమినాడు మగ్గానికి పూజ. ఇంటి పెద్ద గుంటలో దిగి, నూలు మోసే నాడె ఒక్కసారి విసిరి, పైకి వచ్చి హారతి ఇవ్వడం వాళ్ళ ఆనవాయితీ. పూడ్చడానికి మట్టి వాకిట్లో కుప్ప పోసి ఉంది. కోడలు హారతి పళ్ళెం పట్టుకుంది. గురువు, నాయుడు గుమ్మంలో నిలబడ్డారు.

కోటిలింగం దిగాడు. నాడె విసిరాడు. ఈశ్వర్రావు వంగి రెండు చేతులూ చాపాడు.

"ముట్టుకోకు బాబూ!"

ఆ కేక గురువుది కాదు, జోగినాయుడిది.

ముసలాయన చేతులు కట్టుకున్నాడు. కుడికాలు గట్టు మీద పెట్టాడు. తొడ ఒక్కసారి అదిరింది. మరుక్షణం గట్టు మీద నిటారుగా ఉన్నాడు. ఇరుగుపొరుగు ఈలలు వేశారు. ఆయనకి అది చాలలేదు. మళ్ళీ దిగాడు, మళ్ళీ ఎక్కాడు. మూడోసారి దిగబోతుంటే కోడలు ఏడుస్తూ నవ్వుతూ, "సాలు మావయ్యా, హారతి ఆరిపోతంది!" అంది. ఈశ్వర్రావు కళ్ళు తుడుచుకుని, పార తీసుకుని, ఆ మట్టితో వీధిలో గతుకులు పూడ్చాడు.

తిరిగి వస్తూ నాయుడు గరిడీ గుమ్మం దగ్గర ఆగి, "దసరా వచ్చింది గురువుగోరూ," అన్నాడు.

గురువు ఇటికల దగ్గరికి వెళ్ళి, అయిదు వరసలు తీయించి, ఒక్కటి ఉంచాడు.

"రేపు పొద్దుటే మీ అమ్మని తీసుకురా నాయుడూ. ఎత్తుకుని కాదు."