నక్క రాసిన "కాదు"

ఆ ఏడాది ఎండలు అడవిని మాడ్చేశాయి. వాగులన్నీ ఎండిపోయి, కొండ వెనక ఒక్క చెలమలోనే నీళ్ళు మిగిలాయి. అక్కడికి పోయే బాట మధ్యలో రెండుగా చీలుతుంది. కుడి బాట చెలమకి. ఎడమ బాట తుప్పల్లోకి. ఆ తుప్పల్లోనే నక్క జంబయ్య కాపురం.

ఎవరూ దారి తప్పకుండా చీలిక దగ్గర బండ మీద ఏదైనా రాయిద్దామని జంతువులన్నీ అనుకున్నాయి. రాసే పని జంబయ్యకే ఇచ్చాయి. ఎందుకంటారా? వాడి చేతిరాత అంత అందం మరి! రాత అందంగా ఉంటే చాలు, రాసేవాడి బుద్ధి ఎలాంటిదని ఎవరడుగుతారు?

జంబయ్య ఎడమ బాట మొదట్లో ఉన్న బండ మీద "నీళ్ళు ఇటు కాదు" అని రాశాడు. అందులో అబద్ధం లేదు. కాకపోతే "నీళ్ళు ఇటు" అనేది మోదుగుపూల రసంతో ఏనుగంత రాశాడు. "కాదు" మాత్రం చీమ తలంత, అదీ బండ రంగులో కలిసిపోయే బూడిదతో.

వారం తిరక్కుండానే కుందేలు తెల్లమ్మ పిల్లల్లో ఒకటి నీళ్ళకని వెళ్ళి మళ్ళీ రాలేదు. మిగిలిన మూడూ దాహంతో నాలుకలు వేలాడేసుకుని ఉన్నాయి. తెల్లమ్మ ఏడుస్తూ అడవికి పెద్ద అయిన దున్న కోటయ్య దగ్గరికి పరిగెత్తింది.

"మామా, ఆ రాత నమ్మి నా బిడ్డ పోయింది! ఈ ముగ్గుర్నీ ఎటు పంపను?"

కోటయ్య బండ దాకా వెళ్ళి, ముక్కు ఆనించి, కూడబలుక్కుని చదివాడు. "నీళ్ళు... ఇటు... కాదు. సరిగ్గానే ఉందిగా!"

"అదే నేనూ అంటున్నా మామా," అన్నాడు తుప్పల్లోంచి వచ్చిన జంబయ్య వినయంగా. "పిల్లలకి చదువు చెప్పించుకోకపోతే తప్పు నాదా?"

అప్పుడు పక్క కొమ్మ మీంచి, "తప్పు నీదే," అని వినబడింది. అందరూ వెతగ్గా వెతగ్గా ఊసరవెల్లి వన్నెలత్త కనబడింది. రంగులు మార్చే రకమని ఊసరవెల్లంటే మనందరికీ చిన్నచూపు. నాకూ ఉండేది లెండి, ఆ రోజు దాకా.

"కనబడకుండా ఉండటమే నా బతుకు," అంది వన్నెలత్త. "ఏ రంగు మీద ఏది మాయమవుతుందో నాకు తెలీదా? ఆ 'కాదు'ని దాచేశాడు వీడు. కోటయ్యా, నువ్వు నీళ్ళు తాగొచ్చి, నీడలో నిలబడి, తీరిగ్గా చదివావు. దాహంతో పరిగెత్తేవాడు చదవడు, చూస్తాడు. పెద్దగా ఉన్నదే ముందు చూస్తాడు. అక్కడితో కాళ్ళు తిరిగిపోతాయి."

"చాల్లే వన్నెలూ!" అన్నాడు కోటయ్య. "ఆ రాత నాకిప్పుడు కంఠతా వచ్చు. నేనెలా తప్పుతాను?"

"అయితే రేపు మధ్యాహ్నం దాకా నీళ్ళు ముట్టకు. ఆ గుట్ట మీంచి పరిగెత్తుకు రా. చూద్దాం."

మర్నాడు మిట్టమధ్యాహ్నం కోటయ్య పరిగెత్తాడు. దుమ్ము లేపుకుంటూ వచ్చాడు, బండ వైపు ఒక్క చూపు చూశాడు, సూటిగా ఎడమకి తిరిగి తుప్పల్లో పడ్డాడు! బయటికొచ్చేసరికి మూతి నిండా ముళ్ళు. కొమ్ముకి కుందేలు బొచ్చు.

ఆ బొచ్చు చూసి తెల్లమ్మ కుప్పకూలింది. జంబయ్య అప్పటికే జారుకున్నాడు.

"తెలిసి తెలిసి తప్పాను," అన్నాడు కోటయ్య తల దించుకుని. "రాత సరిగ్గానే ఉందనడానికి నాకు నోరెలా వచ్చిందో! వన్నెలూ, ఇక నువ్వే రాయి."

వన్నెలత్త ముందు పాత రాత కడిగించింది. ఎడమ బాటకి ఎండుకంప అడ్డం వేయించింది. కుడివైపు నల్లబండ మీద తెల్లసుద్దతో ఒకే మాట రాసింది: "నీళ్ళు". అదీ కుందేలు కళ్ళెత్తులో. చుట్టూ చుక్క పెట్టలేదు, పువ్వు గియ్యలేదు. అక్కణ్ణించి చెలమ దాకా ఒక రాయి కనబడగానే ఇంకోటి కనబడేలా తెల్లరాళ్ళు పేర్పించింది.

"బండంతా ఖాళీగా వదిలేశావేంటే?" అన్నాడు కోటయ్య.

"ఖాళీ ఉంటేనే ఆ ఒక్క మాటా కంట్లో పడుతుంది."

అబ్బ, ఏం పనితనమండీ! తెల్లమ్మ పిల్లలు మూడూ ఉరుక్కుంటూ వచ్చి, చీలిక దగ్గర క్షణం కూడా ఆగకుండా కుడికి తిరిగి చెలమ చేరాయి. అవి గుటగుటా తాగుతుంటే తెల్లమ్మ ఏడ్చింది, నవ్వింది. వన్నెలత్త కాళ్ళకి దణ్ణం పెట్టబోతే ఆవిడ అప్పటికే ఆకుల్లో కలిసిపోయింది.

నాలుగు రోజులైనా తుప్పల వైపు ఎవరూ రాలేదు. ఆకలితో, దాహంతో కళ్ళు తిరుగుతుంటే జంబయ్య బయటికొచ్చి కొత్త రాత చూశాడు.

"ఏముంది ఇందులో? ఒక మాట, నాలుగు రాళ్ళు. దీనికింత పేరా?" అని వెక్కిరించాడు. "ఈ రాయి వంకర. ఈ రాయి చిన్నది. ఇదిగో, ఈ రాయి..." అని వంకలు పెడుతూ, ఒక్కో రాయే చూసుకుంటూ నడిచాడు.

తలెత్తేసరికి ఎదురుగా చెలమ. చెలమ చుట్టూ దున్నల మంద.

"రావయ్యా జంబయ్యా," అన్నాడు కోటయ్య కొమ్ములు వంచి. "దారి కనుక్కోడానికి కష్టమేం కాలేదుగా?"

నీతి: చూసేవాడి కళ్ళు కప్పడానికి తెలివుంటే చాలు, ఆ కళ్ళకి దారి చూపాలంటే మనసు కూడా ఉండాలి.