నీటికాకీ, బాతూ

జలాలుద్దీన్ మాస్టారిని ఎవరైనా ఏదైనా అడిగితే ఆయన వెంటనే జవాబు చెప్పేవారు కారు. కైకలూరు హైస్కూల్లో డ్రాయింగు పాఠాలు చెప్పి రిటైరయ్యాక, కొల్లేటి పక్షుల్ని ఫొటోలు తీయడం నేర్చుకుంటామని వచ్చే కొద్దిమందికి ఆయన గురువయ్యారు. వాళ్లు బతుకు గురించి అడిగినా, కెమెరా గురించి అడిగినా ఆయన అనే మాట ఒక్కటే: "పొద్దున్నే రా, చూద్దాం." ఎండెక్కేదాకా ఆ నీళ్లల్లో తిరిగేసరికి చాలామంది తామేం అడిగారో మర్చిపోయేవారు. సుభాషిణి మాత్రం మర్చిపోయే ప్రశ్న అడగలేదు.

ఆమె ఏలూరులో రక్తపరీక్షలు చేసే ల్యాబులో పనిచేస్తుంది. కిందటేడు మాఘమాసంలో ఆమె తమ్ముడు కిరీటిని లారీ గుద్దేసింది. ఇంజనీరింగు ఆఖరి పరీక్షలు కూడా రాయలేదు వాడు. తల్లి ఆ రోజు పట్టిన మంచం ఇంకా పూర్తిగా దిగలేదు. తండ్రి పరబ్రహ్మానికి ఆకివీడు బజారులో ఫొటోలకు ఫ్రేములు కట్టే కొట్టుంది. పెద్దకర్మకి కొడుకు ఫొటోకి ఫ్రేము ఆయనే కట్టాడు. కొలత చూసి అద్దం కోస్తుంటే చెయ్యి వణకలేదు. మేకులు కొట్టి, గోడకి తగిలించి, దండ వేసి, కింద పడిన గాజుముక్కలు ఎవరి కాళ్లకీ గుచ్చుకోకుండా ఊడ్చి ఎత్తాడు. మర్నాడు కొట్టు తెరిచాడు. ఆయన కంట నీటిచుక్క చూసినవాళ్లు లేరు. గుమ్మంలో నిలబడి అదంతా చూసిన సుభాషిణికి అప్పటినుంచి తండ్రితో మాట్లాడాలనిపించడం లేదు. ఆయన ఫోను చేస్తే ఎత్తడం మానేసింది. ఇప్పుడు సంవత్సరీకం దగ్గరకొస్తోంది. రానని తల్లికి చెప్పేసింది.

"మాస్టారూ, ఏడవని మనిషికి లోపల ఏమైనా ఉంటుందా?" అని అడిగింది ఒకరోజు, కెమెరా సంచి సర్దుకుంటూ. అడిగాక ఇక ఆగలేక జరిగిందంతా చెప్పింది. "ఆర్డర్లు లేకపోయినా పొద్దస్తమానం ఫ్రేములు కొడుతూనే ఉంటాడట. అమ్మ చెప్పింది. కొడుకుని పోగొట్టుకున్న మనిషి చేసే పనేనా అది?"

మాస్టారు తల వంచుకుని విన్నారు. "ఆదివారం పొద్దున్నే రామ్మా," అన్నారు.

పుష్యమాసపు చలి. సైదులు అనే జాలరి దోనె నడుపుతుంటే ఇద్దరూ కొల్లేట్లోకి వెళ్లారు. నీళ్లలో గుబురుగా పెరిగిన తూటికాడల మధ్య కాస్త తెరిపిగా ఉన్నచోట మాస్టారు దోనె ఆపించారు. ఒక పక్క వలకట్టు కర్రల మీద నీటికాకులు, రెండో పక్క ముక్కు కొసన పసుపు పూసినట్టుండే అడవి బాతుల గుంపు. "ఒకే నీళ్లు, ఒకే వెలుతురు," అన్నారాయన. "రెంటినీ తీసి, పక్కపక్కన పెట్టి చూడు."

సుభాషిణి తీస్తూ కూర్చుంది. నీటికాకి మునిగితే చాలాసేపటికి గాని పైకి రాదు. వచ్చాక ఒళ్లంతా ముద్దయిపోయి, ఈడ్చుకుంటూ కర్ర ఎక్కి, రెండు రెక్కలూ బార్లా చాపి ఎండకేసి నిలబడుతుంది. దాని తడి ఎంత దూరం నుంచైనా కనిపిస్తుంది. బాతు అలా కాదు. తల ముంచి తోక పైకెత్తి, మళ్లీ లేచేసరికి వీపు మీది నీళ్లు పూసల్లా జారిపోతాయి. సుభాషిణి కెమెరా తెర మీద ఒక దాని తర్వాత ఒకటి జరిపి చూసింది.

"నీటికాకి మా అమ్మ, మాస్టారూ," అంది చివరికి. "బాతు మా నాన్న. ఉండేది నీళ్లలోనే, ఒంటికి మాత్రం చెమ్మ తగలదు."

"అన్నీ చూశావా?"

"చూశాను. కానీ ఈ బాతు తలెత్తి ఉన్న ఫొటో ఒక్కటీ కుదరలేదు. ఎంతసేపూ ముక్కుతో ఆ ఈకలు సర్దుకోవడమే దానికి పని."

మాస్టారు దోనె తిప్పమని సైదులుకి సైగ చేశారు.

వాళ్లు వెనక్కి తిరగబోతుండగా గుంపుకి ఎడంగా ఉన్న బాతు ఒకటి సుభాషిణి కంటబడింది. మిగతావి నీళ్ల మీద తేలుతుంటే అది వీపుదాకా మునిగి, మెడ ఒక్కటే పైకి చాపి ఈదుతోంది. లెన్సులోంచి చూస్తే ఈకలన్నీ అంటుకుపోయి, నల్లగా జిడ్డుగా ఉన్నాయి. చేపల చెరువు ఇంజను దగ్గర కారిన డీజిలు ఒంటికి పట్టినట్టుంది. అది ఒడ్డు వైపు రావాలని చూస్తోంది. రాలేకపోతోంది.

"సైదులూ, అటు పోనియ్," అన్నారు మాస్టారు.

దోనె దగ్గరికి వచ్చినా అది ఎగరలేదు. సుభాషిణి కెమెరా పక్కన పెట్టి, వంగి రెండు చేతులతో పైకి తీసింది. ఈకల కింద చర్మం దాకా చల్లటి తడి. ఆమె అరచేతిలో దాని గుండె ఆగకుండా కొట్టుకుంటోంది.

"బాతు మునిగిపోవడమేంటి మాస్టారూ?"

"ఈకలు సర్దుకుంటూ అది ముక్కుతో రాసుకునే నూనెపొర పోయిందమ్మా. ఇక నీళ్లు ఆగవు."

"మరి ఒడ్డెక్కి ఆ నీటికాకిలా రెక్కలు ఆరబెట్టుకుంటే సరిపోతుంది కదా."

"దానికి ఆ సంగతి తెలియదు. ఎప్పుడూ తడిసి ఎరగదుగా."

సుభాషిణి చున్నీ తీసి బాతుకి చుట్టి, ఒడ్డుకి చేరేదాకా గుండెకి ఆనించి పట్టుకుంది.

ఒడ్డునే ఉన్న సైదులు ఇంట్లో అతని భార్య మంగతాయి నీళ్లు కాచింది. గిన్నెలు తోమే సబ్బు గోరువెచ్చటి నీళ్లలో కలిపి మాస్టారు మెల్లగా కడుగుతుంటే సుభాషిణి రెక్కలు విప్పి పట్టుకుంది. నల్లటి నీళ్లు పారబోసి మళ్లీ కడిగారు. మధ్యలో ఒకసారి బాతు మెడ వాల్చేసింది. పోయిందనుకుని సుభాషిణి దాని తలని అరచేతిలోకి తీసుకుంది. చచ్చిపోయినవాళ్లని ఇంత దగ్గరగా పట్టుకోవడం ఎలా ఉంటుందో ఆమెకి తెలియదు. కిరీటిని ఆస్పత్రి నుంచి తెచ్చినప్పుడు బండిలోంచి రెండు చేతుల మీద దింపింది తండ్రే. ఆ సంగతి ఈ ఏడాదిలో ఒక్కసారైనా ఆమెకి గుర్తు రాలేదు.

బాతు పోలేదు. గోనెపట్టా పరిచిన గంపలో పెట్టి పొయ్యి దగ్గర ఉంచితే, మధ్యాహ్నానికి మెడ నిలబెట్టింది. ఇంకాసేపటికి ముక్కు వంచి రొమ్ము మీది ఈక ఒకటి పట్టుకుని సర్దుకుంది. తర్వాత ఇంకొకటి. ఒళ్లు వణుకుతూనే ఉంది, పని మాత్రం ఆపడం లేదు. సుభాషిణి పీట మీద కూర్చుని దాన్నే చూస్తూ, తనకి తెలియకుండానే ఏడుస్తోంది. మంగతాయి టీ తెచ్చి ఏమీ అడగకుండా పక్కన పెట్టి వెళ్లింది.

కాసేపయ్యాక సుభాషిణి వాకిట్లోకి వెళ్లి ఫోను చేసింది. అవతల తండ్రి గొంతు కంటే ముందు మేకులు కొడుతున్న చప్పుడు వినిపించింది.

"నాన్నా, నేను. రేపొస్తున్నాను."

సుత్తి చప్పుడు ఆగిపోయింది. తర్వాత పరబ్రహ్మం, "పొద్దున్న బస్సయితే ఖాళీగా ఉంటుందమ్మా," అన్నాడు. గొంతు సవరించుకుని, "కూర ఏం చేయించమంటావు?" అన్నాడు.

ఆమె లోపలికొచ్చేసరికి మాస్టారు గంప పక్కన చతికిలబడి కూర్చుని ఉన్నారు.

"రేపు ఆకివీడు వెళ్తున్నాను మాస్టారూ," అంది ఆమె, మొహం తుడుచుకుంటూ. "నాన్నని కూర్చోబెట్టి అడుగుతాను. ఇన్నాళ్లూ లోపల ఏం దాచుకున్నాడో అంతా చెప్పమంటాను." అంటూనే గంపలోకి వంగి, బాతు రెక్క ఎత్తి ఆరిందో లేదో చూడబోయింది.

మాస్టారు ఆమె చెయ్యి మెల్లగా పట్టుకుని వెనక్కి తీశారు.

"ఈకలు విప్పి చూడకమ్మా," అన్నారు. "పక్కన కూర్చో, చాలు."