అంగడి దారిలో మామిడి గారడీ

కందరపురం రాజు చంద్రనాయకుడికి ఎండ పడదు. కోట నుంచి అంగడి దాకా కోసెడు దారిలో ఒక్క చెట్టు లేదు. పల్లకీలో వెళ్లొచ్చిన ప్రతిసారీ ఆయన తోటల అధికారి వల్లభరాయుణ్ణి పిలిచి, "ఏమయ్యా, నీడేదీ?" అని అడిగేవాడు.

"నాలుగుసార్లు నాటించాం ప్రభూ. ఆ నేలే మంచిది కాదు" అనేవాడు వల్లభరాయుడు.

మేళతాళాలతో వెళ్లి నాటించడమే తప్ప, మర్నాడు అటు తొంగిచూసిన పాపాన పోలేదాయన. మేకలు మాత్రం క్రమం తప్పకుండా వెళ్లేవి.

ఆ ఊళ్లోనే వీధుల్లో గారడీ ఆడుకునే నాంచారి ఉండేది. మామిడి టెంకని మట్టిలో గుచ్చి, బుట్ట బోర్లించి, జనంలో తనని బాగా అనుమానిస్తున్న మనిషెవరో చూసి, ఆ మనిషి చేతే నీళ్లు చల్లించేది. బుట్ట ఎత్తితే మొలక. మళ్లీ ఎత్తితే మూరెడు మొక్క. మూడోసారి ఎత్తితే కాయ.

ఆట ముగిశాక తలా ఒక టెంక చేతిలో పెట్టేది.

"ఇందాకటిది ఉత్తుత్తి చెట్టు. నిజమైనది కావాలంటే దీన్ని పెరట్లో పాతండి. బియ్యం కడిగిన నీళ్లు పోసినా బతుకుతుంది" అనేది.

జనం బుద్ధిగా తలూపి, సందు మలుపు తిరగ్గానే పారేసేవాళ్లు. నాంచారి వెనకే వెళ్లి ఆ టెంకలన్నీ ఏరుకొచ్చుకునేది. మర్నాడు మళ్లీ పంచాలి కదా.

ఒకరోజు రాజు ఆమెని కొలువుకి పిలిపించి ఆట చూశాడు. మూడోసారి బుట్ట ఎత్తేసరికి సింహాసనం అంచుకి జరిగాడు.

"నాంచారీ, అంగడి దారి పొడుగునా ఇలాగే మొలిపించు" అన్నాడు.

వల్లభరాయుడు పకపకా నవ్వాడు. "ప్రభూ, మొక్కని చీర మడతల్లో దాచి తెచ్చి, మనం కన్నార్పినప్పుడు బుట్ట కిందకి తోస్తుంది. నడిరోడ్డు మీద దీని పప్పులు ఉడకవు."

"ఉడుకుతాయేమో చూద్దాం అధికారిగారూ" అంది నాంచారి.

"ఉడక్కపోతే బుట్టా తట్టా సర్దుకుని రాజ్యం వదిలి పోవాలి. ఒప్పుకుంటావా?"

నాంచారి పుట్టింది ఇక్కడే, బతుకంతా ఈ వీధుల్లోనే. కానీ అంత మందిలో ఇప్పుడు వెనక్కి తగ్గితే రేపటి నుంచి ఆమె ఆట చూసేదెవరు?

"సరే. కానీ పెద్ద చెట్టుకి పెద్ద గడువు కావాలి ప్రభూ. రెండేళ్లివ్వండి, మనిషెత్తు మొక్కలు చూపిస్తాను. టెంకలు పాతిన తర్వాత నేను వాటిని ముట్టుకోను. నా మీద అనుమానం ఉన్నవాళ్లే నీళ్లు పోయాలి, వాళ్లే కాపలా కాయాలి. నా ఆటలో పద్ధతే అది."

"కాపలా నాది. రెప్ప వెయ్యను" అన్నాడు వల్లభరాయుడు.

"రెప్ప వేశారో, మొక్క మార్చేస్తాను మరి."

రెండువందల టెంకలు పాతారు. గుంతకి ఒక భటుడు నిలబడ్డాడు. మేక వస్తే నాంచారి పంపిందేనని తరిమారు. బండివాడు గుంత పక్కన ఎద్దుల్ని కట్టబోతే, ఆమె మనిషేనని పంపించేశారు. మొక్క మారితే తెలియాలని వల్లభరాయుడు ఆకులు లెక్కపెట్టించాడు. ఒక ఆకు మీద పురుగు కనిపిస్తే, అదీ ఆమె కుట్రేనని తన చేత్తో ఏరేశాడు. భటులకి ఆమె ఏమైనా ముట్టజెప్పిందేమోనని, పొద్దున్నే చెంబు పట్టుకుని తనే బయల్దేరడం మొదలుపెట్టాడు.

మొదటి ఏడు గడిచి రోహిణి ఎండలు వచ్చాయి. మొక్కల తలలు వాలిపోయాయి. నాంచారి దూరం నుంచి చూసింది. ముట్టుకోనని తనే అంది. ఆ పూట అన్నం సయించలేదు ఆమెకి. సాయంత్రం కాగానే అంగడి దారి పట్టింది.

"అధికారిగారూ, నిన్న మధ్యాహ్నం కాస్త కునుకు తీశారట?"

"ఎవరు చెప్పారే?" వల్లభరాయుడి మొహం మాడిపోయింది.

"ఎవరు చెబితేనేం. ఈ ఎండల్లో మీరు పొద్దున ఒక్క పూటే వస్తున్నారు. మిగతా పూటంతా నాదే కదా అని సంతోషంగా ఉంది" అని వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి మొక్కలకి రెండు పూటలా నీళ్లు. మధ్యాహ్నం తాటాకు పందిరి కూడా వేయించాడాయన, కింద తను కూచుని చూడటానికి. కాస్త నీడ మొక్కలకీ పడింది.

రెండేళ్లు నిండాయి. రాజు పల్లకీ దిగి దారి పొడుగునా నడిచాడు. మనిషెత్తు మొక్కలు రెండు వరసల్లో నిగనిగలాడుతున్నాయి.

"వల్లభరాయా, ఆమె మోసం పట్టుకున్నావా?"

"లేదు ప్రభూ" అన్నాడు వల్లభరాయుడు నీరసంగా. "ఆకులతో సహా లెక్క ఉంది. నాటినవే ఇవి. ఒక్కటీ మార్చలేదు."

"నాలుగుసార్లు చచ్చినవి ఇప్పుడెలా బతికాయి?"

"అదే అంతుపట్టడం లేదు. నిజంగానే మంత్రం ఉన్నట్టుంది ప్రభూ."

రాజు నాంచారి వైపు తిరిగాడు. "ఇంత కాపలాలో, ఈ మొక్కల మీద గారడీ ఎప్పుడు చేశావు?"

నాంచారి చేతులు జోడించింది.

"మొక్కల మీద చెయ్యలేదు ప్రభూ. అధికారిగారి మీద చేశాను."

రాజు వల్లభరాయుడి చేతిలో చెంబు చూశాడు. ఎండకి నల్లబడ్డ ఆయన మొహం చూశాడు. ముందు ఒక భటుడు కిసుక్కుమన్నాడు. తర్వాత రాజు నవ్వాడు, ఆ వెనక దారంతా నవ్వింది. రాజు మెడలోని హారం తీసి నాంచారి చేతిలో పెట్టాడు.

"ఇది కాక ఇంకేం కావాలో కోరుకో. ఈయన పదవి కావాలా?"

"వద్దు ప్రభూ, ఆయన్ని ఉండనివ్వండి. ఊళ్లోకి ఇంకా మూడు దారులున్నాయి. ఆయన నన్ను ఇంకో ఆరేళ్లు అనుమానిస్తే చాలు."